సాల్వడోర్‌కి వస్తున్నారా? ముందు సముద్రం ఎటువైపుందో చూసుకోండి

బ్రెజిల్ అనగానే అందరూ రియోకే టికెట్లు చూస్తారు. నేనుండేది ఈశాన్య తీరంలో, బయియా రాష్ట్ర రాజధాని సాల్వడోర్‌లో. మా ఆయన ఉద్యోగం ఊరి బయట కమసారి పారిశ్రామికవాడలో, మా ఇల్లు బార్రా పేటలో. చుట్టాలు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందరూ అడిగేది ఒకటే: "ఏమేం చూడాలి, ఏ బీచ్‌కి వెళ్ళాలి?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

పేర్ల జాబితా కంటే ముందు మ్యాప్ తీయండి. ఊరు త్రికోణంలా దక్షిణానికి పొడుచుకొచ్చి ఉంటుంది. పడమట సకల పునీతుల అఖాతం. పోర్చుగీసు నౌకలు 1501 నవంబరు 1న, ఆ పండుగ రోజున ఇక్కడికి వచ్చాయి కాబట్టి ఆ పేరు పెట్టారు. తూర్పునా దక్షిణానా అట్లాంటిక్ మహాసముద్రం. రెండూ కలిసే మూలమీద బార్రా లైట్‌హౌస్ ఉంటుంది. అఖాతం వైపు నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి, సూర్యుడు నీళ్ళ మీదే అస్తమిస్తాడు. మహాసముద్రం వైపు అలలు పెద్దవి, లాగుడు ఎక్కువ, సూర్యోదయం అటువైపు. బ్రెజిల్ తీరం దాదాపు అంతా తూర్పు ముఖమే కనుక, నీళ్ళలోకి దిగే సూర్యుణ్ణి ఊరి మధ్య బీచ్‌లో కూర్చుని చూసే అవకాశం ఈ దేశంలో అరుదు. అందుకే వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పేది: పొద్దున మహాసముద్రానికో పాత ఊరికో వెళ్ళండి, సాయంత్రానికి మాత్రం ఎక్కడున్నా అఖాతం వైపుకి వచ్చేయండి.

ఇంకో సంగతి. ఇక్కడ చీకటి తొందరగా పడుతుంది. జూన్‌లో ఐదుంబావుకే సూర్యుడు వెళ్ళిపోతాడు, జనవరిలో కూడా ఆరు దాటాక కాసేపే. "మధ్యాహ్నం ఒక కునుకు తీసి బయల్దేరదాం" అనుకుంటే సాయంత్రం చేజారినట్టే. పొద్దున ఏడింటికల్లా బయట పడండి.

వారాలు కూడా చూసుకుని రండి. మంగళవారం సాయంత్రం పాత ఊరి పెలోరిన్యో పేటలో, శుక్రవారం పొద్దున బోంఫిం చర్చిలో ఉండేలా ప్లాన్ చేస్తే ఈ ఊరు ఎలా బతుకుతుందో కనబడుతుంది. ఆదివారం బార్రా బీచ్‌లో తువ్వాలు పరుచుకునే చోటు కూడా దొరకదు కాబట్టి ఆ రోజు ఇంకేదైనా పెట్టుకోండి.

పై ఊరు, కింది ఊరు

1549లో తొమే దె సౌజా అనే పోర్చుగీసు గవర్నరు ఈ ఊరు కట్టించాడు. 1763లో రాజధాని రియోకి మారేదాకా బ్రెజిల్‌కి రాజధాని ఇదే. శత్రువుల నుంచి రక్షణ కోసం చర్చీలు, పాలనా భవనాలు కొండ అంచు మీద కట్టుకున్నారు. రేవు, గోదాములు కింద ఉండిపోయాయి. ఆ రెంటినీ కలిపేది లాసెర్డా లిఫ్ట్. 1873లో మొదలైంది, ఇప్పుడు కనబడే ఆర్ట్ డెకో రూపం మాత్రం 1930లో వచ్చింది. ఎత్తు 72 మీటర్లు. ఎక్కితే అర నిమిషం కూడా పట్టదు. లిఫ్ట్ లోపలి నుంచి ఏమీ కనబడదు, దృశ్యమంతా పైన చౌరస్తాలో ఉంది. అక్కడి పిట్టగోడ దగ్గర నిలబడితే కింద అఖాతం, నీళ్ళ మధ్య గుండ్రటి సావ్ మార్సెలో కోట, లంగరు వేసిన ఓడలు, దూరంగా ఇటపారికా దీవి ఒక్క చూపులో పడతాయి. పక్కనే 1930 నుంచి నడుస్తున్న ఎ కుబానా ఐస్‌క్రీమ్ దుకాణం ఉంది. ఒక కప్పు పట్టుకుని అక్కడే పది నిమిషాలు నిలబడండి.

చాలామంది కింద మెర్కాదో మోదెలోతో మొదలుపెట్టి పైకి వెళ్తారు. నేను తిరగేసి చెప్తాను: పొద్దున ఎండ ముదరకముందే పై ఊరు నడవండి, మధ్యాహ్నం లిఫ్ట్‌లో కిందికి దిగి మార్కెట్ నీడలోకి వెళ్ళండి. మెర్కాదో మోదెలో భవనం 1861 నాటి కస్టమ్స్ కార్యాలయం. ఇప్పుడు లోపలంతా చేతిపనుల దుకాణాలు: లేసులు, చెక్క బొమ్మలు, బెరింబావు అనే ఒంటి తీగె వాయిద్యం, జీడిపప్పు పొట్లాలు. మొదటి వరసలో చెప్పిన ధరకి కొనకండి, వెనక వరసల్లో అవే బొమ్మలు తగ్గించి ఇస్తారు. మార్కెట్ వెనక కపొయెరా అనే నృత్యంలాంటి యుద్ధకళ ఆడుతుంటే ఆగి చూడండి, చూసినందుకు, ఫొటో తీసినందుకు డబ్బులు అడుగుతారని మాత్రం గుర్తుపెట్టుకోండి. వాళ్ళ కష్టం అది. చిల్లర నోట్లు ముందే జేబులో పెట్టుకోండి, పర్సు తీసి వెతుక్కోవద్దు.

పెలోరిన్యోకి లిఫ్ట్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. 1985 నుంచి యునెస్కో వారసత్వ ప్రదేశం. పసుపు, గులాబీ, నీలం గోడలు, ఏటవాలు రాళ్ళ వీధులు. రాళ్ళు నున్నగా అరిగిపోయి ఉంటాయి, వాన పడితే జారుతాయి. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ వచ్చినప్పుడు కారు తెరెయిరో దె జెసూస్ చౌరస్తాలో ఆపించి, అక్కణ్ణుంచి కిందికి దిగేలా నడిపించాను, మళ్ళీ ఆ ఏటవాలు ఎక్కించకుండా అడుగున ఇంకో కారు పిలిచాను. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు ఇలాగే చేయండి. చెప్పులు కాదు, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

పెలోరిన్యో అన్న పేరుకి అర్థం కొరడా దెబ్బల స్తంభం. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను బహిరంగంగా శిక్షించిన చోటు ఇది. రంగుల గోడల ముందు ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ ఊరి జనంలో పదిమందికి ఎనిమిది మంది పైనే తమని నల్లవాళ్ళుగానో మిశ్రమ వర్ణం వాళ్ళుగానో చెప్పుకుంటారు. ఇక్కడి తిండి, డప్పు, దేవతలు, కార్నివాల్ అన్నీ వాళ్ళ పూర్వీకులు దాచుకుని తెచ్చుకున్నవే. అది తెలిసి నడిస్తే ప్రతి మూలా వేరేగా కనిపిస్తుంది.

అందుకే ఒక్క చర్చికే టైముందంటే, ఏటవాలు మధ్యలో ఉన్న నీలం చర్చికి వెళ్ళండి. నోసా సెన్యోరా దో రొజారియో దోస్ ప్రెతోస్, నల్లవాళ్ళ జపమాల మాత చర్చి. తెల్లవాళ్ళ చర్చీల్లో చోటు లేని బానిసలు, విముక్తులు సంఘంగా ఏర్పడి, 1704లో మొదలుపెట్టి తమకు దొరికిన కాస్త తీరికలో కట్టుకున్నారు. అందుకే పూర్తవడానికి తరాలు పట్టింది. లోపల నల్లటి పునీతుల విగ్రహాలు, వెనక పెరట్లో బానిసల సమాధులు. మంగళవారం సాయంత్రం ఆరింటికి జరిగే దివ్యపూజకి అటబాకే డప్పులు మోగుతాయి. ఆఫ్రికా మూలాలున్న కాందోంబ్లే మతం గుడిలో వినిపించే దరువే ఇక్కడ స్తోత్రాలకి తోడవుతుంది. కానుకల సమయంలో ఆడవాళ్ళు రొట్టెల బుట్టలు తల మీద పెట్టుకుని ఊగుతూ నడవలోంచి వస్తారు. ఐదున్నరకే వెళ్ళి వెనక బెంచీల్లో కూర్చోండి. భుజాలు కప్పుకోండి, ఫోన్ లోపల పెట్టేయండి. అది ప్రదర్శన కాదు, వాళ్ళ ప్రార్థన.

బంగారం చూడాలనుకునేవాళ్ళు అడిగేది సావ్ ఫ్రాన్సిస్కో చర్చి. 1708లో కట్టడం మొదలైంది, లోపల చెక్కడమంతా బంగారు రేకు. 2025 ఫిబ్రవరిలో దాని పైకప్పు కొంత కూలి ఒక పర్యాటకురాలు చనిపోయింది, దాంతో చర్చి మూసేశారు. మీరు వచ్చే రోజుకి తెరిచి ఉందో లేదో బస చేసిన చోట కనుక్కుని వెళ్ళండి. పక్కనే ఉన్న మూడో సభ (సన్యాసం తీసుకోని భక్తుల సంఘం) చర్చి ముఖద్వారం మాత్రం వీధిలోంచే చూడొచ్చు. రాతి మీద దట్టంగా చెక్కిన ఆ పని చాలాకాలం గార కింద దాగి, 1930లలో కరెంటు తీగలు వేసే పనిలో బయటపడింది. లోపలి పసిడి పనికి తెరెయిరో దె జెసూస్‌లో ఉన్న పెద్ద కెథడ్రల్ చాలు. అది 17వ శతాబ్దపు జెస్యూట్ చర్చి.

అదే చౌరస్తాలో పాత వైద్య కళాశాల ఉంది. 1808లో మొదలైన ఆ కళాశాల బ్రెజిల్‌లో మొదటిది. దాని భవనంలో ఇప్పుడు ఆఫ్రో-బ్రెజిలియన్ మ్యూజియం. కరిబే అనే చిత్రకారుడు సెడార్ చెక్క మీద మనిషిని మించిన ఎత్తున చెక్కిన ఒరిషా దేవతల పలకలు ఒక గది నిండా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో దేవతకీ ఆయుధం, జంతువు, గవ్వలు, లోహం అతికించి ఉంటాయి. ఈ ఊళ్ళో తర్వాత ఏ విగ్రహం చూసినా, ఏ పండుగ చూసినా ఆ గది గుర్తొస్తుంది, అందుకే దాన్ని మొదట్లోనే చూడమంటాను.

ఒలోదుం డప్పుల బృందం 1979లో ఇక్కడే పుట్టింది. 1996లో మైకేల్ జాక్సన్ వాళ్ళతో కలిసి ఇక్కడ వీడియో తీశాడు. ఆ బాల్కనీ చూపిస్తామని మిమ్మల్ని పిలుస్తారు, నచ్చితే వెళ్ళండి. నాకైతే ఆ సమయంలో సాంతో అంతోనియో పేటకి నడవడం ఇష్టం. కార్మో ఏటవాలు ఎక్కితే వస్తుంది. చిన్న ఇళ్ళు, కిటికీల్లో పిల్లులు, అఖాతం మీదికి తెరుచుకున్న పెరటి కాఫీ కొట్లు. పెలోరిన్యోలో సగం జనం కూడా ఉండరు.

అకరాజే దగ్గర

తెల్ల లేసు గౌను, తలపాగా, మెడ నిండా పూసల దండలతో వీధి మూలలో బల్ల పెట్టుకుని కూర్చున్న బయానాలను మీరు మొదటి గంటలోనే చూస్తారు. వాళ్ళు వేయించేది అకరాజే. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయతో రుబ్బి, చెక్క గరిటెతో గాలి ఎక్కేదాకా గిలక్కొట్టి, దెండే అనే ఎర్రటి తాటి జాతి నూనెలో వేస్తారు. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన వంట. చూడ్డానికీ రుచికీ మన అలసంద గారెకి అక్కే అనుకోండి. కాకపోతే పెద్దది, చిల్లు ఉండదు, మధ్యలో కోసి లోపల కూరుతారు.

కూరేవాటిలోనే జాగ్రత్త. వటాపా అనేది రొట్టె, కొబ్బరిపాలు, జీడిపప్పు, ఎండురొయ్యల ముద్ద. కరురూ అనేది బెండకాయ కూర, దాంట్లో కూడా ఎండురొయ్యలే. పైన మళ్ళీ రొయ్యలు పెడతారు. శాకాహారులు "సేం కమరావ్", అంటే రొయ్యలు వద్దు అంటే సరిపోదు, పైవి తీసేసి వటాపా వేసేస్తారు. "సో సలాద" అనండి, టొమాటో ముక్కలు మాత్రం పెట్టిస్తారు. మా అత్తయ్యగారు అలాగే తిన్నారు, రెండోది కూడా అడిగారు. అయితే నూనె ఒకటే కళాయి, గరిటెలు ఒకటే. నిష్ఠగా ఉండేవాళ్ళు ఆ సంగతి తెలిసి నిర్ణయించుకోండి. బల్ల మీద ఆకులో చుట్టి ఉడికించిన అబరా కూడా ఉంటుంది, దాని పిండిలోనే రొయ్యలు కలుపుతారు కాబట్టి శాకాహారులు వదిలేయాల్సిందే. బయానా "కెంచి?" అని అడిగితే వేడిగానా అని కాదు, కారం వేయమంటారా అని. మనవాళ్ళు ధైర్యంగా అవుననొచ్చు, కాకపోతే ఆ కారంలో కూడా ఎండురొయ్యలు కలిపి ఉండొచ్చు, శాకాహారులు అడిగి వేయించుకోండి.

మిగతా భోజనానికి బరువు తూచి అమ్మే హోటళ్ళు వెతకండి, బోర్డు మీద "కీలో" అని ఉంటుంది. అన్నం, కూరలు, సలాడ్లు మీరే వడ్డించుకుని తూకం వేయించుకోవచ్చు. చిక్కుడు గింజల పప్పులో మాంసం ముక్కలు వేస్తుంటారు, అడిగి పెట్టుకోండి. కొన్నిచోట్ల అరటికాయతో చేసిన మొకెకా అనే పులుసు దొరుకుతుంది, కొబ్బరిపాలూ దెండే నూనెలో మట్టిపాత్రలో ఉడుకుతూ వస్తుంది. దొరికితే వదలకండి.

బార్రా

డ్రైవర్‌తో "బాహా" అనండి, అలాగే పలుకుతారు.

ఇక్కడి లైట్‌హౌస్ సాంతో అంతోనియో కోటలో ఉంది. 1668లో సాక్రమెంటో అనే పెద్ద పోర్చుగీసు ఓడ ఊరి ముందరే మునిగి వందలమంది చనిపోయారు. ఆ తర్వాత 1698లో ఇక్కడ దీపం వెలిగించారు. ఇప్పుడున్న నల్ల తెల్ల చారల బురుజు 1839 నాటిది. లోపలి నౌకా మ్యూజియంలో ఆ మునిగిన ఓడ నుంచి తీసిన వస్తువులు ఉన్నాయి. పైకి ఎక్కితే అఖాతం నీలం ఎక్కడ ఆగి మహాసముద్రం నీలం ఎక్కడ మొదలవుతుందో చూడొచ్చు. సాయంత్రం కోట చుట్టూ ఉన్న పచ్చిక మీద ఊరంతా వచ్చి కూర్చుంటుంది. సూర్యుడు మునగగానే చప్పట్లు కొడతారు.

అయితే స్నానానికి నా బీచ్ పోర్తో దా బార్రా. లైట్‌హౌస్ నుంచి పది నిమిషాల నడక. రెండు చిన్న కోటల మధ్య ఇరుక్కున్న ఇసుక వంపు, చిన్నది, పడమటి ముఖం. అలలు ఉండవు కాబట్టి ఈత రాని పెద్దవాళ్ళు కూడా నడుం దాకా దిగి నిలబడగలరు. నీళ్ళు ఏడాది పొడుగునా వెచ్చగానే ఉంటాయి. పొద్దున ఏడింటికి వెళ్తే పేటలోని ముసలివాళ్ళు వరసగా ఈదుతూ, నీళ్ళలోనే నిలబడి కబుర్లు చెప్పుకుంటూ కనిపిస్తారు. నీళ్ళలో నిలబడే నేను పోర్చుగీసు నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే.

బీచ్‌లో కుర్చీ, గొడుగు అద్దెకిస్తారు. కూర్చోకముందే "క్వాంతు ఎ?" అని ధర అడగండి, తినడానికీ తాగడానికీ ఇంత ఖర్చు పెట్టాలన్న నియమం ఉందేమో కూడా అడగండి. కూర్చున్నాక అడిగితే ధర పెరిగి ఉండొచ్చు. శాకాహారులకి ఇక్కడ మంచి తిండి ఉంది, కెయిజో కొయాల్యో. అబ్బాయి చేతిలో తీగె పట్టుకున్న చిన్న డబ్బా ఊపుకుంటూ వస్తాడు, దాంట్లో నిప్పులు. మీరు ఊ అనగానే ఇసుకలో గొంతుక్కూచుని, పుల్లకి గుచ్చిన జున్ను ముక్కని నిప్పుల మీద తిప్పుతాడు. బయట గోధుమరంగు పెంకు కట్టి లోపల మెత్తబడేదాకా కాలుస్తాడు, ఒరెగానో చల్లుతాడు, అడిగితే చెరకు పానకం కూడా పోస్తాడు. పళ్ళ కింద కీచుమంటుంది. దానితో ఒక కొబ్బరిబోండాం తాగితే మధ్యాహ్న భోజనం అక్కర్లేదు.

రెండు కోటల్లోకీ తొంగి చూడండి. సాంతా మరియా కోటలో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ పియెర్ వెర్జె తీసిన నలుపు తెలుపు ఫొటోలు, సావ్ దియోగో కోటలో కరిబే చిత్రాలు. చిన్నవి, ఎండ దంచే వేళకి సరిపోతాయి.

లైట్‌హౌస్ అవతల, మహాసముద్రం వైపు బీచ్‌లో రాళ్ళున్నాయి. ఆటు సమయంలో రాళ్ళ మధ్య నీటి గుంటలు మిగులుతాయి, చిన్న చిన్న చారల చేపలు, పీతలు కనిపిస్తాయి. పిల్లలకి అదే పెద్ద ఆట. కాళ్ళకి రబ్బరు చెప్పులు ఉంచుకోవాలి, రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళ బంతుల్లాంటి సీ అర్చిన్‌లు ఉంటాయి. ఆటుపోట్ల వేళలు బ్రెజిల్ నౌకాదళం ప్రకటిస్తుంది. ఫోన్‌లో "తాబువా దె మరెస్ సాల్వడోర్" అని వెతికితే వస్తాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా వెనక్కి పోతాయి.

మహాసముద్రం వైపు

బార్రా నుంచి తూర్పుకి వెళ్తే ముందు ఒందినా, తర్వాత రియో వెర్మెల్యో వస్తాయి. రియో వెర్మెల్యో స్నానానికి కాదు, సాయంత్రానికి. సాంతానా చౌరస్తాలో అకరాజే బల్లలు, చుట్టూ కుర్చీలు, రాత్రి దాకా సందడి. తీరాన యెమాంజా ఇల్లు అనే చిన్న గుడి ఉంది. ఫిబ్రవరి 2న సముద్ర దేవత యెమాంజాకి పూలు, సెంటు సీసాలు, అద్దాలు బుట్టల్లో పెట్టి జాలర్లు పడవల్లో సముద్రంలోకి తీసుకెళ్తారు. తెల్లవారుజాము నుంచే జనం తెల్లబట్టల్లో వరస కడతారు. ఆ తేదీకి రాగలిగితే మిగతా ప్లాన్ అంతా మార్చుకున్నా తప్పులేదు. మీరు కూడా ఒక తెల్ల పువ్వు ఇవ్వొచ్చు. ప్లాస్టిక్ వేయకండి.

రచయిత జోర్జి అమాదో ఇల్లు కూడా ఈ పేటలోనే మ్యూజియంగా ఉంది. తోటలో ఆయన, భార్య జెలియా గతాయ్‌ల చితాభస్మం కలిపిన మామిడిచెట్టు కింద బెంచీ ఉంటుంది.

ఇంకా ముందుకెళ్తే జగ్వారిబే, పియతా, ఇటపువా, స్టెల్లా మారిస్, ఫ్లమెంగో. కొబ్బరిచెట్లు, పొడవాటి ఇసుక, జనం తక్కువ. సర్ఫింగ్ చేసేవాళ్ళు జగ్వారిబేకి వెళ్తారు. మీకు ఈత బాగా వచ్చినా సరే, ఇటు లాగుడు ఎక్కువ. ఎర్రజెండా ఉన్నచోట దిగకండి, లైఫ్‌గార్డ్ కుర్చీ ఎదురుగానే ఉండండి. ఇటపువాలో ఎరుపు తెలుపు చారల చిన్న లైట్‌హౌస్ ఉంది, దాని పక్కన రాళ్ళు అడ్డుకట్టలా ఉండి నీళ్ళు కాస్త నెమ్మదిస్తాయి. స్టెల్లా మారిస్‌లో ఆటు వేళకి రాతి గుంటలు పడతాయి. తిరుగు విమానం సాయంత్రం ఉంటే ఆ ఉదయం ఇక్కడ గడపండి, విమానాశ్రయం దగ్గర్లోనే.

అబయెటే సరస్సు ఇటపువా లోపలి వైపు ఉంటుంది. తెల్లటి ఇసుక దిబ్బల మధ్య నల్లటి నీళ్ళు. అందంగా ఉంటుంది, కానీ పగలు మాత్రమే, గుంపుగా మాత్రమే, సరస్సు ముందరి భాగం వరకే. దిబ్బల వెనక్కి నడవకండి.

శుక్రవారం బోంఫిం

చేతికి రంగు రిబ్బన్లు కట్టుకున్నవాళ్ళని ఊరంతా చూస్తారు. అవి సెన్యోర్ దో బోంఫిం చర్చివి. రిబ్బను పొడవు 47 సెంటీమీటర్లు, గర్భాలయంలోని క్రీస్తు విగ్రహం చేయి పొడవని చెప్తారు. మూడు ముళ్ళు వేసి మూడు కోరికలు కోరుకుని, అది దానంతటదే తెగేదాకా ఉంచుకోవాలి. చర్చి కంచె నిండా వేల రిబ్బన్లు గాలికి కొట్టుకుంటూ ఉంటాయి. లోపల కుడివైపు గదిలోకి తప్పకుండా వెళ్ళండి. జబ్బు నయమైనవాళ్ళు మొక్కు తీర్చుకుని వేలాడదీసిన మైనం చేతులు, కాళ్ళు, తలలు, గుండెలు కప్పు నిండా. గోడల మీద ఫొటోలు, ఉత్తరాలు. ఒక్కొక్కటి చదువుతుంటే అరగంట తెలియకుండా పోతుంది.

శుక్రవారం ఒషాలా అనే ఒరిషా రోజు. బోంఫిం స్వామినీ ఒషాలానీ ఒకరిగానే కొలిచేవాళ్ళు ఆ రోజు తెల్లబట్టలు వేసుకుని వస్తారు. మీరు కూడా ఒక తెల్ల చొక్కా తెచ్చుకోండి. జనవరిలో, 6వ తేదీన వచ్చే ఎపిఫనీ పండుగ తర్వాతి రెండో ఆదివారానికి ముందు గురువారం, కింది ఊరి కొన్సెయ్‌సావ్ చర్చి నుంచి ఇక్కడిదాకా ఎనిమిది కిలోమీటర్ల ఊరేగింపు, ఆ తర్వాత బయానాలు సుగంధ జలంతో మెట్లు కడుగుతారు.

మెట్ల దగ్గర ఎవరో నవ్వుతూ వచ్చి "కానుక" అని మీ మణికట్టుకి రిబ్బను కట్టేసి, తర్వాత ఇంకో పది కొనమంటారు. కొనాలనుంటే ముందు ధర మాట్లాడండి, వద్దనుకుంటే చేయి వెనక్కి తీసుకుని "నావ్, ఒబ్రిగాద" అనండి, మగవాళ్ళు "ఒబ్రిగాదు". కోపం తెచ్చుకోరు.

అక్కణ్ణుంచి రిబేరా పేట దగ్గరే. 1931 నాటి ఐస్‌క్రీమ్ దుకాణం అక్కడుంది, ఈ నేల పళ్ళ రుచులు డజన్ల కొద్దీ. ఉంబు, కజా, మంగాబా ఇవన్నీ పుల్లగా ఉంటాయి, మన నాలుకకి నచ్చుతాయి.

సాయంత్రానికి తిరుగుదారిలో సొలార్ దో ఉన్యావ్ దగ్గర దిగండి. అఖాతం అంచున పాత చక్కెర గోదాముల ప్రాంగణం, ఇప్పుడు ఆధునిక కళల మ్యూజియం. లోపల ఆర్కిటెక్ట్ లీనా బో బార్ది 1960లలో వేసిన చెక్క మెట్లు ఉన్నాయి. మేకులు లేకుండా, ఎడ్లబండ్ల చక్రాలకి వాడే పద్ధతిలో చెక్కలు ఒకదానిలో ఒకటి దూర్చి బిగించారు. మెట్ల కింద నిలబడి ఆ అతుకులు చూడండి. తర్వాత బయట గట్టు మీద కూర్చుంటే సూర్యాస్తమయం ఎదురుగా.

పడవలు, బండ్లు, జేబు

ఒక రోజు మిగిలితే అఖాతంలో దీవులకి వెళ్ళండి. మెర్కాదో మోదెలో ఎదురుగా ఉన్న నౌకా టెర్మినల్ నుంచి ఇటపారికా దీవికి లాంచీలు వెళ్తాయి. ఫ్రాదెస్ దీవికి టూరు పడవలుంటాయి, అక్కడి నోసా సెన్యోరా బీచ్‌లో నీళ్ళు చాలా తేటగా ఉంటాయి. మొర్రో దె సావ్ పావులో పేరు కూడా వింటారు. కార్లు లేని ఊరు, బీచ్‌లకి పేర్లు ఒకటోది, రెండోది, మూడోది, నాలుగోది. కానీ కటమరాన్ పడవ రెండు గంటలకు పైగా బయటి సముద్రంలో ఎగిరెగిరి పడుతుంది. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్ళు ఇటపారికా మీదుగా రోడ్డు దారి కలిపి వెళ్ళే టికెట్ అడగండి. ఒక్క రోజులో వెళ్ళి రావద్దు, రాత్రి ఉండగలిగితేనే వెళ్ళండి.

వానలు ఏప్రిల్ నుంచి జూలై దాకా ఎక్కువ. సెప్టెంబరు నుంచి మార్చి వరకు బీచ్‌లకి మంచి కాలం. కార్నివాల్ వారంలో బార్రా నుంచి ఒందినా దాకా తీరం రోడ్డంతా పాటల బృందాలను మోసుకెళ్ళే ట్రియో ఎలెత్రికో ట్రక్కులు, జనసంద్రం. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో ఆ వారం రావద్దనే చెప్తాను. గదుల ధరలు కూడా కొన్ని రెట్లు పెరుగుతాయి.

విమానాశ్రయం నుంచి బయటికి వచ్చేదారి వెదురు పొదల సొరంగంలోంచి ఉంటుంది, మేలుకుని ఉండండి. మెట్రో కూడా ఉంది, టెర్మినల్ నుంచి స్టేషన్‌కి బస్సు నడుస్తుంది. సామానుతో ఉంటే యాప్ టాక్సీ సుఖం. పై ఊరికీ కింది ఊరికీ మధ్య కొండ రోడ్లలో నడవద్దు, పగలైనా సరే, లిఫ్ట్ ఎక్కండి. రాత్రి పెలోరిన్యోలో జనమున్న వీధులు దాటకండి. బీచ్‌కి పాస్‌పోర్ట్, గొలుసులు తీసుకెళ్ళకండి. ఫోన్ చేతిలో పట్టుకుని నడవకండి, దారి చూడాలంటే దుకాణంలోకి వెళ్ళి చూసుకోండి. ఇంతకు మించి టెన్షన్ పడాల్సిందేమీ లేదు. దారి అడిగితే పని ఆపి వచ్చి చూపించే జనం వీళ్ళు.

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు వీసా ముందే తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా గురించి చాలామందికి ఇక్కడికి వచ్చాక తెలుస్తోంది. బ్రెజిల్ నుంచి భారత్‌లో దిగేటప్పుడు ఆ టీకా పసుపు పుస్తకం అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పుస్తకం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, వాళ్ళ దగ్గర రోజులు నిర్ణయించి ఉంటాయి. కాబట్టి విమానం టికెట్ కొన్న వారంలోనే ఆ పని చూసుకోండి.